ఎంఎస్సీ అయ్యాక మన అమ్మాయిలు ఏమైపోతున్నారు?

తిరుపతిలో సైన్స్ చదవాలనుకునే ఆడపిల్లకు చదువు దొరకదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 1954 నుంచి ఎస్వీ యూనివర్సిటీ ఉంది, 1983 నుంచి పద్మావతి మహిళా యూనివర్సిటీ ఉంది, 2015లో ఐఐటీ, ఐసర్ (సైన్స్ విద్య, పరిశోధనల జాతీయ సంస్థ) రెండూ వచ్చి ఏర్పేడు వైపు క్యాంపస్‌లు కట్టుకున్నాయి, చిత్తూరు రోడ్డు మీద గాదంకిలో వాతావరణ పరిశోధనశాల ఉంది, 2022లో జిల్లాలు విడిపోయాక శ్రీహరికోట కూడా మన తిరుపతి జిల్లాలోకే వచ్చింది. ఇంత దగ్గర దగ్గరగా ఇన్ని సైన్స్ సంస్థలు ఉండటం చిన్న విషయం కాదు.

నేను ఇక్కడే ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. క్లాసులో సగానికి పైగా అమ్మాయిలే. పుత్తూరు, నగరి, పీలేరు, పలమనేరు నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండి చదువుకునేవాళ్ళు. మార్కులు వాళ్ళవే, ప్రాక్టికల్ రికార్డులు వాళ్ళవే ముందుంటాయి, డౌటు వస్తే వదిలిపెట్టకుండా అడిగేదీ వాళ్ళే. ఎంఎస్సీలో కూడా అంతే. ఆ తర్వాతే ఏదో జరుగుతుంది. పీహెచ్‌డీకి వచ్చేసరికి తగ్గుతారు, పర్మనెంట్ ఉద్యోగాలు, సొంత ల్యాబ్, సొంత ప్రాజెక్టు అనే చోటికి వచ్చేసరికి వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది మిగులుతారు. దేశం మొత్తం మీద చూసినా ఇదే కథ. సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితంలో పట్టా పుచ్చుకునేవాళ్ళలో ఆడవాళ్ళు సుమారు 43 శాతం. పరిశోధన రంగంలో నేరుగా పనిచేసేవాళ్ళలో 2018 లెక్కల ప్రకారం ఆడవాళ్ళు 16.6 శాతం. ఈ రెండు అంకెల మధ్య జారిపోయిన వాళ్ళలో నా స్టూడెంట్స్ ఉన్నారు, నాతో చదువుకున్న వాళ్ళున్నారు, బహుశా మీ అక్కో, వదినో కూడా ఉండి ఉంటుంది.

"ఆడపిల్లలకు సైన్స్ మీద ఆసక్తి పెంచాలి" అని ప్రతి మీటింగులో ఎవరో ఒకరు మైకు పట్టుకుని చెబుతుంటారు. ఆసక్తికేం తక్కువ లేదండీ. చంద్రయాన్-3 దిగిన 2023 ఆగస్టు 23 సాయంత్రం, అసోసియేట్ ప్రాజెక్ట్ డైరెక్టర్ కల్పన తెర మీదికి వచ్చి మాట్లాడినప్పుడు మా అమ్మాయిలు ఎగిరి గంతేశారు, ఆమెది మన చిత్తూరు జిల్లా అని పేపర్లో చదివి ఆ కటింగ్ ల్యాబ్ తలుపుకు అంటించుకున్నారు. ఆసక్తి దండిగా ఉంది. తక్కువైంది తోడు. ఎంఎస్సీ నుంచి ల్యాబ్ దాకా ఆ అమ్మాయి పక్కన నడిచే మనుషులు తక్కువ, ఆమెను తమలో ఒకరిగా చూసే గుంపు తక్కువ. నేను రాయాలనుకున్నది దాని గురించే.

ముందు టీ అంగడి సంగతి చెప్తాను, ఎందుకంటే నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద నష్టం జరుగుతున్నది అక్కడే.

సైన్స్‌లో చాలా పని మాటల్లో జరుగుతుంది. ఏ ప్రొఫెసర్ దగ్గర సీటు ఖాళీ అవబోతోంది, ఏ ప్రాజెక్టులో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) పోస్టు పడబోతోంది, ఇంటర్వ్యూలో ఫలానా ఆయన ఏం అడుగుతాడు, ఏ జర్నల్ డబ్బులు గుంజుతుంది, స్పెక్ట్రోమీటర్ స్లాట్ కావాలంటే ఎవరిని అడగాలి, సినాప్సిస్ (థీసిస్ సారాంశం) వెనక్కి రాకుండా ఉండాలంటే ఎలా రాయాలి, ఇవేవీ ఏ వెబ్‌సైట్‌లోనూ ఉండవు. ఇవన్నీ సాయంత్రం ఆరు దాటాక డిపార్ట్‌మెంట్ బయట టీ అంగడి కాడ, పరిశోధన చేయించే గైడ్ బండి స్టార్ట్ చేస్తూ నిలబడి మాట్లాడే ఆ పావుగంటలో, రాత్రి బాయ్స్ హాస్టల్ మెట్ల మీద చేతులు మారతాయి. ఆ టైముకు అమ్మాయి ఎక్కడుంటుంది? హాస్టల్ గేటు మూసేస్తారని పరుగెత్తుతూ ఉంటుంది, లేదంటే పెళ్ళైన పిల్లయితే ఇంటికెళ్ళి వంట మొదలుపెట్టి ఉంటుంది. ఒకవేళ గేటు తెరిచే ఉన్నా, నలుగురు మగవాళ్ళ మధ్య టీ గ్లాసు పట్టుకుని నిలబడితే మర్నాడు డిపార్ట్‌మెంట్‌లో వచ్చే మాటలు ఆమెకు తెలుసు. అందుకే నిలబడదు. నోటిఫికేషన్ వచ్చిందని ఆఖరి రోజు తెలుస్తుంది, అప్పటికి సర్టిఫికెట్ల జిరాక్సులు ఊళ్ళో అమ్మ దగ్గర ఉంటాయి.

ఇది కొత్తగా వచ్చిన బాధ కాదు. అన్నా మణి గురించి మా క్లాసులో ప్రతి ఏడాదీ చెబుతాను, వాతావరణం మీద పనిచేసిన దాన్ని కాబట్టి ఆమె అంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. 1940లో బెంగళూరులో సి.వి. రామన్ ల్యాబ్‌లో చేరింది. వజ్రాలు, కెంపులు కాంతిని ఎలా పీల్చుకుంటాయి, ఎలా వెదజల్లుతాయి అని గంటలకొద్దీ ఫొటోగ్రాఫిక్ ప్లేట్లు ఎక్స్‌పోజ్ చేస్తూ, రాత్రుళ్ళు ల్యాబ్‌లోనే పడుకుని పనిచేసింది. 1942, 1945 మధ్య తన ఒక్కదాని పేరుతోనే ఐదు పేపర్లు. థీసిస్ సమర్పిస్తే మద్రాస్ యూనివర్సిటీ వాళ్ళు నీకు ఎంఎస్సీ లేదు కాబట్టి పీహెచ్‌డీ ఇవ్వం అన్నారు. ఆమెకు చివరిదాకా ఆ డిగ్రీ రాలేదు. ఇంగ్లండ్ వెళ్ళి వాతావరణ పరికరాలు నేర్చుకుని, 1948లో వాతావరణ శాఖలో చేరి, గాలిలో ఓజోన్ కొలిచే పరికరం మన దేశంలోనే తయారయ్యేలా చేసింది. ఈ మాత్రం చాలామందికి తెలుసు. తెలియంది ఏమిటంటే, ఆ ల్యాబ్‌లో ఆడవాళ్ళనీ మగవాళ్ళనీ కలవనిచ్చేవాళ్ళు కాదు. మగ స్కాలర్లు చర్చించుకునే చోట అన్నా మణికి చోటు లేదు. ఎవరి పని ఎంతవరకు వచ్చింది, ఎక్కడ ఆగింది అని నలుగురు కూర్చుని మాట్లాడుకునేదే పరిశోధనకు ప్రాణం, అదే ఆమెకు అందలేదు. అంతకు ముందు 1933లో కమలా సోహనీకి ఆ ల్యాబ్ ఉన్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సీటే ఇవ్వనన్నారు. ఆమె పట్టుబట్టింది కాబట్టి ఏడాది పాటు షరతుల మీద చేర్చుకున్నారు, మగ విద్యార్థుల ఏకాగ్రత చెడగొట్టకూడదు అనేది అందులో ఒక షరతు. ఆ అమ్మే 1939లో కేంబ్రిడ్జ్ నుంచి డాక్టరేట్ తెచ్చుకుంది. ఇవి దాదాపు ఎనభై, తొంభై ఏళ్ళ కిందటి సంగతులు, ఇప్పుడు అలా ఎవరూ రాతపూర్వకంగా చెప్పరు. అయినా మా అమ్మాయిలు టీ అంగడి దాటి తలొంచుకుని వెళ్ళడం చూస్తుంటే నాకు అదే గుర్తొస్తుంది.

మరో సంగతి రాత్రి పని. ఆకాశం మీద పనిచేసేవాళ్ళకు పగలు, రాత్రి అని ఉండదు. గాదంకిలో ఎంఎస్‌టీ రాడార్ (పైనున్న గాలి పొరలను గమనించేది) ఉంది, లైడార్ ఉంది. లైడార్ అంటే లేజర్ కాంతిని పైకి పంపి, వెనక్కి తిరిగి వచ్చిన కాస్త వెలుతురును బట్టి పైన గాలిలో ఏముందో లెక్కకట్టడం. అంత సన్నటి వెలుతురు పట్టుకోవాలంటే ఎక్కువగా చీకటి పడ్డాకే చేయాలి. ఖగోళం వాళ్ళకు ఎలాగూ రాత్రే. బయాలజీ వాళ్ళు ల్యాబ్‌లో పెంచే కణాలు, కల్చర్లు రాత్రి రెండింటికి చూడాల్సి వస్తే రెండింటికే చూడాలి. ఎనిమిదింటికి గేటు పడే హాస్టల్‌లో ఉన్న పిల్ల ఈ పని ఎలా చేస్తుంది? నాకు తెలిసిన ఒక అమ్మాయి, చాలా చురుకైన పిల్ల, గేటు గొడవ పడలేక రాత్రి డేటా అక్కర్లేని టాపిక్‌కి మారిపోయింది. గైడ్ దాన్ని "ఆమె ఇష్టం" అన్నాడు. 2013లోనే, క్యాంపస్‌లలో ఆడవాళ్ళ భద్రత మీద యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) వేసిన సక్షమ్ కమిటీ స్పష్టంగా రాసింది, భద్రత పేరు చెప్పి ఆడపిల్లల హాస్టళ్ళకు మాత్రమే వేరే నిబంధనలు పెట్టకూడదని. భద్రత కావాలి, నేను కాదనను, నాకూ కూతురుంది. కానీ భద్రత అంటే వెలుతురున్న దారి, రాత్రి డ్యూటీకి తీసుకెళ్ళి దింపే బండి, ఒక్కతినే పంపకుండా ఇద్దరిని కలిపి షిఫ్టు వేయడం, ల్యాబ్‌లో లోపల గడియ పడే ఒక గది, నీళ్ళొచ్చే బాత్‌రూమ్. గేటుకు తాళం వేయడం వీటన్నిటికంటే చౌక కాబట్టి అందరూ ఆ పనే చేస్తున్నారు.

ఫీల్డ్ వర్క్ కూడా అంతే. తిరుమల ఘాట్ రోడ్డులో జియాలజీ పిల్లలకు చూపించే ఒక చోటుంది, కింద ఉన్న గ్రానైట్ లాంటి రాయికీ పైనున్న నగరి క్వార్ట్‌జైట్‌కీ మధ్య దాదాపు 50 కోట్ల ఏళ్ళ కాలం ఆనవాలు లేకుండా పోయింది, దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి చూసిపోతారు. శేషాచలం అడవుల్లో బాటనీ వాళ్ళకు ఎర్రచందనం నుంచి పేరు తెలియని గడ్డి దాకా పని ఉంది. ఇక్కడ పుట్టిన అమ్మాయి ఆ కొండల మీద పనిచేయకపోవడానికి ఒక్కోసారి కారణం మరేమీ కాదు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒంటికి పోయే చోటు లేక నీళ్ళు తాగకుండా తిరిగి తలనొప్పి తెచ్చుకోవడం. నెలసరి రోజుల్లో అయితే చెప్పక్కర్లేదు. ట్రిప్పు ప్లాన్ చేసే కాగితం మీద భోజనం ఎక్కడో రాస్తారు, ఇది మాత్రం ఎవరూ రాయరు.

ఇక పెళ్ళి. ఎంఎస్సీ ఫైనల్ ఇయర్ సంక్రాంతి సెలవులు అయ్యాక "సంబంధాలు చూస్తున్నారు మేడం" అనే మాట వినని సంవత్సరం లేదు. నేను పెళ్ళికి అడ్డు కాదు. అవతలి ఇంటివాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "పీహెచ్‌డీ అంటే ఎన్నేళ్ళు?" దానికి పిల్ల దగ్గర ధైర్యంగా చెప్పే సమాధానం ఉండదు. అందుకే మేం కొన్ని నిబంధనలు ప్రింటు తీసి చేతిలో పెడుతున్నాం. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం ఆడ స్కాలర్‌కు పీహెచ్‌డీ మొత్తంలో 240 రోజుల దాకా ప్రసూతి సెలవో, పిల్లల సంరక్షణ సెలవో ఇవ్వొచ్చు. గడువులో అదనంగా రెండేళ్ళు సడలింపు ఉంది, 40 శాతం పైన వైకల్యం ఉన్నవాళ్ళకు కూడా అదే. జేఆర్ఎఫ్‌కు వయసులో ఆడవాళ్ళకు ఐదేళ్ళ మినహాయింపు ఉంది. పిల్లల కోసం పని మానేసి మళ్ళీ రావాలనుకునే సైంటిస్టుల కోసం కేంద్ర సైన్స్ శాఖ పథకాలు నడుపుతోంది, వైజ్-కిరణ్ అంటారు. పీలేరు దగ్గర పల్లెటూరి నుంచి వచ్చిన ఒక అత్తగారికి ఈ కాగితం చదివి వినిపిస్తే, "అట్టయితే బిడ్డను నేను చూసుకుంటాలే, చదువు మానొద్దు" అంది. అందరు అత్తలూ అలా అనరు, నిజమే. కానీ ఆ కాగితం లేకపోతే ఈమె కూడా అని ఉండేది కాదు.

చట్టాల్లో ఉన్న ఒక చిల్లు గురించి కూడా చెప్పాలి. 2017లో ప్రసూతి చట్టం సవరించినప్పుడు 50 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలన్నారు. స్కాలర్‌ను ఉద్యోగి కింద లెక్కవేయరు. అకడమిక్ కన్సల్టెంట్ అని ఏటికేడు రెన్యువల్ మీద నెట్టుకొస్తున్న ఆడవాళ్ళను కూడా దాన్ని అడిగే హక్కున్న ఉద్యోగులుగా ఎవరూ చూడరు. పసిబిడ్డలు ఎక్కువగా ఉండేది ఈ వయసు వాళ్ళకే. ఒక పెద్ద గది, ఒక ఆయమ్మ, నాలుగు ఉయ్యాలలు, దీనికి కొత్త బిల్డింగ్ అక్కర్లేదు. ప్రతి మార్చి 8న ముగ్గుల పోటీకీ, సన్మానం శాలువాలకీ పెట్టే డబ్బు ఇందులో పెట్టండని నేను అడిగాను, ఇంకా అడుగుతూనే ఉంటాను. ముగ్గులంటే నాకూ ఇష్టమే, కానీ సైన్స్‌లో ఉన్న ఆడవాళ్ళకు ఏడాదికొకరోజు ముగ్గుల పోటీ పెట్టి సరిపెట్టుకోవడం బాధగా ఉంటుంది.

ఇప్పుడు కష్టమైన మాట. ఆడవాళ్ళందరం ఒకటే అని మనం గుంపు కడితే, ఆ గుంపులో ముందుకొచ్చి మాట్లాడేది ఎవరు? టౌన్‌లో పెరిగిన, ఇంగ్లీషు మీడియంలో చదివిన, అమ్మానాన్నల్లో ఒకరు టీచరో ఆఫీసరో అయిన పిల్లలు. గురుకులంలో తెలుగు మీడియం చదివి వచ్చిన పిల్ల వెనక బెంచీలో కూర్చుని ఉంటుంది. సబ్జెక్టు ఆమెకే బాగా వచ్చి ఉండొచ్చు, సెమినార్‌లో ఇంగ్లీషులో ప్రశ్న అడగాలంటే గొంతు పెగలదు. "మీ ఇంటిపేరేంటి?" అని చేరిన మొదటి రోజు ఎవరో అడుగుతారు, ఎందుకడిగారో ఆమెకూ తెలుసు, అడిగినవాళ్ళకూ తెలుసు. "ఏ కేటగిరీలో వచ్చింది సీటు?" అని రెండో ప్రశ్న. ఆ తర్వాత ఆమె చేసిన ప్రతి తప్పునూ కేటగిరీ ఖాతాలో వేస్తారు, ప్రతి విజయాన్నీ అదృష్టం ఖాతాలో వేస్తారు. భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా కలకత్తాలో చదువుకునే రోజుల్లో హాస్టల్‌లో పై కులాల పిల్లలు ఆయనతో కలిసి భోంచేయడానికి ఒప్పుకోలేదు. ఆ కుర్రాడే 1920లో నక్షత్రాల కాంతి చూసి వాటి వేడిని లెక్కగట్టే సమీకరణం ఇచ్చాడు. ఆయనంత గట్టివాళ్ళు కాక, ఆ అన్నం బల్ల దగ్గరే చదువు వదిలేసి పోయినవాళ్ళు ఎందరో మనకు తెలియదు. తెలిసే దారి కూడా లేదు.

శ్రీహరికోట సంగతి మన జిల్లాలో ఉన్నవాళ్ళం అస్సలు మర్చిపోకూడదు. ఆ దీవిలో తరతరాలుగా యానాది గిరిజనులు బతికారు. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ చోటు ఎంపికైంది, 1971 అక్టోబర్ 9న మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది, యానాదుల్లో చాలామంది దీవి వదిలి రావాల్సి వచ్చింది. మందు చెట్లు, చేపలు, పాములు, అడవి గురించి వాళ్ళకున్న తెలివి మన బాటనీ, జువాలజీ డిపార్ట్‌మెంట్లు మొత్తం కూర్చుని నేర్చుకోవాల్సినంత ఉంది. వాళ్ళ నేల మీద నుంచే దేశం చంద్రుడి దాకా వెళ్ళింది. వాళ్ళ ఆడపిల్లలు ఎంతమంది మన ఎంఎస్సీ క్లాసుల్లో ఉన్నారు? నేను పాఠం చెప్పిన క్లాసుల్లో నాకు ఒక్కరూ కనిపించలేదు. చందమామ మీద దిగినందుకు ఎంత సంతోషపడ్డానో, ఈ విషయం తలుచుకుంటే అంత దిగులేస్తుంది. ఒక యానాది అమ్మాయి ఐసర్‌లో ఎకాలజీ చదివి, తన అవ్వ దగ్గర నేర్చుకున్న మొక్కల మీద పేపర్ రాసే రోజు రావాలి. అది రావాలంటే పదో తరగతి కంటే ముందే ఎవరో ఒకరు ఆ కాలనీకి వెళ్ళి కూర్చోవాలి, ఒక్కసారి వెళ్ళి ఫొటో దిగి వస్తే కాదు.

వైకల్యం ఉన్న పిల్లలనైతే సైన్స్ దరిదాపుల్లోకే రానివ్వం. మచిలీపట్నం వైపు నుంచి వచ్చిన శ్రీకాంత్ బొల్లాకు చూపు లేదని పది తర్వాత సైన్స్ గ్రూపు ఇవ్వమన్నారు. కోర్టుకెళ్ళి గెలిచి, సైన్స్ చదివి, అమెరికాలో ఎంఐటీకి వెళ్ళాడు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉన్నత విద్యలో వాళ్ళకు 5 శాతం సీట్లు కేటాయించమంది. సీటు ఇచ్చి ల్యాబ్ రెండో అంతస్తులో పెట్టి లిఫ్ట్ లేకపోతే ఆ సీటు దేనికి? ల్యాబ్‌ను కిందికి మార్చడానికి అయ్యే పని ఒక వారం.

మేం కొందరం నెలకోసారి ఆదివారం బాలాజీ కాలనీలో ఒక అక్క ఇంటి మేడ మీద కూర్చుంటాం. దానికి పేరు పెట్టలేదు. స్కాలర్లు, లెక్చరర్లు, పని మానేసి ఇంట్లో ఉన్నవాళ్ళు, డిగ్రీ పిల్లలు వస్తారు. పిల్లల్ని తీసుకురావచ్చు, వాళ్ళు ఏడ్చినా ఎవరూ మొహం చిట్లించరు. మాట తెలుగులోనే మొదలవుతుంది, క్వాంటమ్ గురించి అయినా సరే. వారం వారం ఏ నోటిఫికేషన్ పడిందో ఒకరు వాట్సాప్‌లో తెలుగులో వాయిస్ మెసేజ్ పెడతారు, చివరి తేదీ రెండుసార్లు చెబుతారు. టీ అంగడి మాటలను మేడ మీదికి తీసుకొచ్చాం, అంతే చేసింది. దరఖాస్తు ఫీజు లేనివాళ్ళకు ఒక డబ్బా ఉంది, ఎవరు వేశారో ఎవరు తీశారో రాయం. ఇంటర్వ్యూకు ముందు ఇద్దరు సీనియర్లు కూర్చోబెట్టి గట్టిగానే ప్రశ్నలు వేస్తారు, అక్కడ ఏడిస్తే ఇంటర్వ్యూలో ఏడవరు. ఎవరి మీదైనా వేధింపు జరిగితే అంతర్గత కమిటీకి ఫిర్యాదు ఎలా రాయాలో తెలిసినవాళ్ళు ఉన్నారు. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా ఆ కమిటీ ఉండాలి, సభ్యులెవరో గోడ మీద రాసి ఉండాలి, మీ డిపార్ట్‌మెంట్‌లో ఆ బోర్డు ఎక్కడుందో రేపు ఒకసారి చూడండి.

మగవాళ్ళు కూడా వస్తారు, రావాలి కూడా. మా దగ్గరికి వచ్చే ఒక గైడ్ తన ల్యాబ్ మీటింగును సాయంత్రం నుంచి పొద్దున పదకొండుకు మార్చాడు. ఆయనకు అందులో పోయిందేమీ లేదు, ఆయన ముగ్గురు అమ్మాయిలకూ మీటింగులో చోటు దొరికింది. ఇలాంటి చిన్న మార్పు చేయగలిగిన స్థితిలో ఉన్నవాళ్ళు ఇది చదువుతుంటే, సర్క్యులర్ కోసం ఎదురుచూడకండి సార్.

వచ్చే నెల మేడ మీద ఫెలోషిప్ దరఖాస్తులో పరిశోధన ప్రతిపాదన ఎలా రాయాలో చూద్దాం అనుకున్నాం. ఎంఎస్సీ అయ్యి ఎన్నేళ్ళైనా ఫర్వాలేదు, పదేళ్ళు ఇంట్లో ఉన్నా ఫర్వాలేదు. మీ పాత ప్రాజెక్టు రిపోర్టు ఉంటే పట్టుకుని రండి, అందులోంచే మొదలుపెడదాం. భాకరాపేట, పాకాల వైపు నుంచి వచ్చేవాళ్ళు ముందే చెబితే చివరి బస్సు టైము చూసుకుని ముగిస్తాం.